నందిగామలో నేను చదివిన ఏడాది

మొన్న మధ్యాహ్నం మరియమ్మ కూతురు సువార్త మా ఇంటికి వచ్చింది. అప్పుడు నేను వసారాలో చాప వేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. తొడిమ తీసిన కాయకు కొట్టువాడు నాలుగు డబ్బులు ఎక్కువిస్తాడు. ఆ పనికి మనిషిని పెట్టుకుంటే ఆ నాలుగు డబ్బులూ ఆ మనిషికే పోతాయి. కాబట్టి నా చేతులు ఆడినన్నాళ్ళూ నేనే తీస్తాను. మా కోడలికి ఇది గిట్టదు. "ఆ చేతులతోనే కళ్ళు నలుపుకుంటారు, తర్వాత జగ్గయ్యపేట కంటి డాక్టరు చుట్టూ నేను తిరగాలి" అని గొణుగుతుంది. గొణగనీ. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న గదిలో మనిషి లేకపోతే వెళ్ళి ఆపేది నేనే, ఆపినందుకు గొణిగేదీ ఆమే. మాకిద్దరికీ అలవాటయిపోయింది.

సువార్త ఆటో దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, "బాగున్నారా అండీ అనసూయమ్మగారూ" అంది. నా ఈడుదే. నందిగామలో నర్సుగా పనిచేసి రిటైరయింది. జుట్టు నాకంటే నల్లగా ఉంది, రంగు వేస్తుందో ఏమో. కుర్చీలో కూర్చోకముందే "అమ్మ పోయిందండీ" అని చెప్పింది. "పోయిన ఆదివారం. నిద్రలోనే. ఈ శనివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మీరొస్తే బాగుంటుంది. అమ్మ మీ చేలో పనిచేసిన మనిషి కదా."

కోడలు టీ తెచ్చి ఇచ్చింది, మేం అందరం తాగే కప్పులోనే. మా నాయనమ్మ ఉంటే పెరట్లో గోడ మీద బోర్లించిన సత్తు గ్లాసు తెప్పించేది. మనవరాలు లోపలి నుంచి వచ్చి పలకరిస్తే, సువార్త దాని చెయ్యి పట్టుకుని, "మీ నాయనమ్మా నేనూ చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివాం, తెలుసా అమ్మా?" అంది.

"నాయనమ్మ నందిగామ హైస్కూల్లో కదండీ చదివింది?" అంది పిల్ల.

సువార్త నావైపు ఒకసారి చూసింది. నేను మిరపకాయల వైపు చూశాను. "అవునమ్మా. ముందు ఊళ్ళో. తర్వాత నందిగామలో" అని, టీ తాగింది.

నేను నందిగామ హైస్కూలు గడప తొక్కలేదు. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా బస్సులోంచి దాని ప్రహరీగోడ చూశాను, అంతే. నేను చదివింది మా ఊళ్ళో ఆరో తరగతి, అదీ సగం. మిగిలిన చదువంతా మా నాన్న నోట పుట్టింది. ఎందుకు పుట్టిందో చెప్పాలంటే, మా ఊరి కూలి జనం కొండ దగ్గర పనికి వెళ్ళిపోయిన సంగతి చెప్పాలి. నా చదువు అక్కడ ఆగింది. మా ఇంటి పరువు అక్కడ నిలిచిందని మా వాళ్ళు అనుకున్నారు.

మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్యన, పెద్ద రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. నల్లరేగడి నేల. మిరపా పత్తీ పండుతాయి. మా ఇంట్లో ఏ మూల నిలబడినా మిరపకాయ వాసనే. ధాన్యం కొట్లో గోతాల నిండా కాయలు, అటక మీద విత్తనానికి దాచిన కాయలు, పెరట్లో దాలి మీద పాలు కాగుతుంటే ఆ పిడకల పొగలో కూడా అదే ఘాటు. కొత్తగా వచ్చిన చుట్టాలు తుమ్ముతూ ఉంటే మేం నవ్వేవాళ్ళం. నాయనమ్మ పొద్దున్నే పొయ్యిలో నిన్నటి నిప్పు ఊది రాజేసేది. అగ్గిపుల్ల గీస్తే ఆవిడకు ప్రాణం పోయినట్టుండేది. ఒక అగ్గిపెట్టె ఇంటికి ఎన్నాళ్ళు రావాలో ఆవిడకో లెక్క ఉండేది, అది తప్పితే అమ్మకు ఆ పూట సాధింపులు. ఈ పొదుపు నాకు ఆవిడ నుంచే వచ్చింది. నాన్నకు ఆవిడ నుంచి వచ్చింది మాట పట్టింపు. పదిమందిలో ఒక మాట అన్నాడంటే, దాని వల్ల తన కాలు విరిగినా వెనక్కు తీసుకునేవాడు కాదు. ఊళ్ళో ఆయన్ను పెద్దమనిషి అనేది అందుకే.

మా ఇంటి ఆడవాళ్ళు చేలోకి వెళ్ళేవాళ్ళు కాదు. వెళితే గట్టు మీద నిలబడి కూలీలకు మంచినీళ్ళు పోయించడం వరకే. వంగి కాయ కోస్తే ఆ ఇంటికి గడవడం లేదని అర్థం. అది ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. కాయ కోసేది మరియమ్మా, ఆమె వాడలోని ఆడవాళ్ళూ. మరియమ్మ ముందు సాలు పట్టి నడిస్తే మిగిలినవాళ్ళు ఆమె వెనక నడిచేవాళ్ళు. మూతికీ ముక్కుకీ పాత చీరపేలిక చుట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేటట్టు కట్టేవాళ్ళు. లేకపోతే మధ్యాహ్నానికి ఆ ఘాటుకు దగ్గి దగ్గి పడిపోవలసిందే. ఆమె కూతురు సువార్త నాతో ఐదు దాకా చదివి మానేసింది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, కోతల్లో తల్లి వెంట నడవాలి.

ఆ ఏడు జగ్గయ్యపేట అవతల సున్నపురాయి కొండల దగ్గర పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ కట్టడం మొదలైంది. మేస్త్రీలు లారీ వేసుకుని ఊరూరూ తిరిగి మనుషుల్ని ఎక్కించుకుపోయేవాళ్ళు. మా దగ్గర ఆడ కూలి మూడు రూపాయలు. అక్కడ రాళ్ళు మోస్తే ఐదు, శనివారం శనివారం చేతిలో పెట్టేవాళ్ళు. మొదట మగవాళ్ళు వెళ్ళారు. నెల తిరిగేసరికి ఆడవాళ్ళూ లారీ ఎక్కారు. పొద్దున్నే ఆ లారీ మా చేను పక్క డొంకలో నుంచే వెళ్ళేది. పైన నిలబడి, ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. కూలికి వెళ్ళే మనుషులు అలా నవ్వుకుంటూ వెళ్ళడం అంతకుముందు నేను చూడలేదు.

రైతులంతా రామాలయం దగ్గర కూర్చున్నారు. ఆడ కూలి మూడు రూపాయలకు మించి ఎవరూ ఇవ్వకూడదు, ఇచ్చినవాడు గుడికి జరిమానా కట్టాలి. ఇదీ కట్టుబాటు. ఆ మాట పైకి చెప్పింది మా నాన్న. "ఫ్యాక్టరీ ఎన్నాళ్ళు కడతారు? ఏడాదో ఏడాదిన్నరో. తర్వాత వీళ్ళు ఎక్కడికి వస్తారు? మన దగ్గరికే. ఇప్పుడు మనం ఐదన్నామంటే ఇంక మన పిల్లల కాలానికి కూడా అది దిగదు" అన్నాడట. సాయంత్రం టముకు వేయించి ఊరంతా చాటించారు. నాన్న ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, చాలా పెద్ద పని చేసి వచ్చినవాడిలాగా మజ్జిగ అడిగి తాగాడు.

కట్టుబాటుకు అందరూ తలూపారు. తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఒకాయన కూలి మూడే ఇస్తూ, పొద్దున్నే ఉప్మా చేయించి పెట్టాడు. ఇంకొకాయన సాయంత్రం ఒక్కొక్కరి ఒళ్ళో దోసెడు కాయలు పోసి పంపాడు. మరొకాయన వాడ దాకా ఎడ్లబండి కట్టి తీసుకొచ్చి, దించి వచ్చాడు. మూడు దాటలేదు, జరిమానా లేదు. వాళ్ళ కాయ కోతలు ముసలివాళ్ళతోనో పిల్లల తల్లులతోనో ఎలాగో నడిచాయి. అమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మనమూ పొద్దున్నే ఏదన్నా చేసి పెడదామా? నేను లేచి చేస్తాలే" అంది. నాన్న ముద్ద దించి, "మూడంటే మూడు. ఉప్మా పెట్టి మూడనడం దొంగతనం" అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమిటో ఇప్పటికీ నాకు చెప్పడం రాదు. కానీ మా చేను ఒక్కటే అలా ఎర్రగా నిలబడిపోయింది. కాయ చెట్టు మీదే ఎండి రాలుతోంది. కొన్ని తెల్లబారి తాలు కాయలయ్యాయి. పడమర ఒకపూట మబ్బు వేసి పోయింది. వాన పడితే ఆ మిగిలిన కాయా పోతుందని నాన్నకు తెలుసు.

ఉపాయం చెప్పింది నాయనమ్మ. "ఇంట్లో ఆడాళ్ళం మేం లేమూ? కోద్దాం."

"ఊళ్ళో తలెత్తుకోవద్దూ?" అన్నాడు నాన్న.

"తల చుట్టూ గుడ్డ కడితే తల ఎవడికి కనపడుద్దిరా? పైనుంచి కూలోళ్ళు వచ్చారని చెప్పు. రెడ్డిగూడెం వైపు నుంచి తెచ్చానని చెప్పు. మసక చీకట్లో పోతాం, మసక చీకట్లో వస్తాం."

"ఇద్దరి వల్ల అయ్యే పనా అది?"

నాయనమ్మ నావైపు చూసింది. "ముగ్గురం" అంది.

అమ్మ వెంటనే, "దానికి బడి ఉంది" అంది. అమ్మ నాయనమ్మకు ఎదురుచెప్పగా నేను విన్నది అదొక్కసారే. నాకప్పుడు చదువంటే పిచ్చి. ఆరూ ఏడూ తరగతులకు ఒకే గది, ఒకే మాస్టారు. ఏడో తరగతి లెక్కలు కూడా నేనే ముందు చేసి పలక ఎత్తేదాన్ని. బడికి రాకపోతే మాస్టారు కబురు పంపుతాడు, కబురుకు ఏం చెబుతారు? జ్వరమంటే వారం. కాయ కోత రెండు నెలలు. అప్పుడు నాన్న నేలకేసి చూస్తూ, "నందిగామ పంపామని చెప్దాం. వాళ్ళ మేనమామ ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుతోందని. పరువుగా కూడా ఉంటుంది" అన్నాడు. నాయనమ్మకు అది ఎంతో నచ్చింది. అలా నేను ఒక్క పూటలో నందిగామ వెళ్ళిపోయాను, గడప దాటకుండానే.

తెల్లారకముందే లేపేవాళ్ళు. అమ్మ నా చేతులకు మోచేతుల దాకా ఆముదం రాసేది. నాయనమ్మ మా ముగ్గురికీ మూతులు చుట్టేది, ఎంత గట్టిగా అంటే నోరు తెరవడానికి లేకుండా. చేలో మాట్లాడకూడదు. గొంతు గుర్తుపడతారు. నవ్వకూడదు, పిలవకూడదు, ఎవరైనా పలకరిస్తే తల ఊపాలి. కాయ కోయడం చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. గోరుతో గిల్లితే తొడిమ చెట్టుకే ఉండిపోతుంది, లాగితే కొమ్మ విరుగుతుంది. మూడో రోజుకు నా వేళ్ళ సందులు చిట్లాయి. పడుకున్నాక మంటలు. నాయనమ్మ మజ్జిగలో ముంచిన గుడ్డ చుట్టేది. ఏడుస్తుంటే, "ఊరుకో. నువ్వు నందిగామలో ఉన్నావు, ఏడుపు ఇక్కడ వినపడకూడదు" అనేది. ఆవిడ తమాషాకు అనలేదు.

లారీ అదే డొంకలో వెళుతుంది కదా, పైనున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి అరిచేవాళ్ళు. "ఏ ఊరమ్మా మీది?" "మీ ఊళ్ళో గింజలు లేవా, మా ఊరు మీద పడ్డారు?" "మూడుకే వంగారా తల్లీ, ఇంకాస్త వంగండి, రెండిస్తాడు!" లారీ అంతా గొల్లున నవ్వేది. వాళ్ళలో మరియమ్మ గొంతు కూడా నాకు వినిపించేది. వినపడిన ప్రతిసారీ అమ్మ ఇంకా కిందకు వంగేది. నేను మాత్రం, పోనీలే, ఎవరో అనుకుంటున్నారు కదా అని ధైర్యం తెచ్చుకునేదాన్ని. సిగ్గంతా రెడ్డిగూడెం వాళ్ళది. మాది కాదు.

ఒకరోజు సాయంత్రం లారీ తిరిగి వస్తూ సరిగ్గా మా చేను దగ్గర పంక్చరై ఆగిపోయింది. డ్రైవరు చక్రం విప్పుతున్నాడు. ఆడవాళ్ళంతా దిగి గట్టు మీద కూర్చున్నారు. మరియమ్మ ఒక్కతే చేలోకి వచ్చింది. మా మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చుని, ముంచుకుని తాగి, అమ్మకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏ ఊరు తల్లీ మీది? చెప్పకపోతే మానె. ఎంతకొచ్చారో అదన్నా చెప్పండి. మూడుకేగా? మూడుకే అయ్యుంటది. ఈ కామందు నాలుగియ్యడు, పదిమందిలో మాటిచ్చాడు మరి. పెళ్ళయి వచ్చిన కాణ్ణుంచి ఈయన చేలో కాయ కోశా నేను. చెడ్డోడు కాదు. తిట్టడు, కూలి రేపు రమ్మనడు. కానీ మూడు మూడే. బియ్యం పిరమైనా మూడే, పిల్లకి జొరమొచ్చినా మూడే. అక్కడ రాయి మోస్తే నడుం ఇరుగుద్ది, నిజమే. కాయ కోస్తే ఇరగదా ఏంటి?"

అమ్మ కోస్తూనే ఉంది. నాయనమ్మ వీపు తిప్పేసింది.

"మీరిట్టా మూడుకొచ్చి కోసిపోతే, రేపు ఆ కొండకాడ పనైపోయాక మేం మళ్ళీ మూడుకే రావాల. మా కడుపు కొట్టడమేగా అది? మీకూ పిల్లలున్నారుగా. నా పిల్లని ఈ డబ్బుల్తోనే మళ్ళీ బళ్ళో ఏశా. ఈ కామందు కూతురు కూచునే చోటు ఖాళీగా ఉందని అక్కడే కూచోబెట్టాడంట మాస్టారు. ఆ పాప నందిగామ ఎల్లిందంటలే, పెద్ద చదువుకి."

నా చోటు అనగానే నాకు కళ్ళు నిండిపోయాయి. చేతులు కాయ చేతులని మర్చిపోయి తుడుచుకోబోయాను. మరియమ్మ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. "నలపమాక పాపా. మంట ఎక్కువైద్ది. నీళ్ళు కొట్టుకో, తుడవమాక." అలా పట్టుకునే నా కళ్ళలోకి చూసింది. తర్వాత అమ్మ పాదాల వైపు చూసింది. పగుళ్ళు లేని పాదాలు, వెండి మెట్టెలు, ఇంకా పోని పసుపు. ఆమె చెయ్యి వదులైంది. నా సాలులోకి వంగి, నా పక్కనే, చివరి దాకా కోసింది. నేను పొద్దుటి నుంచి కోసినంత ఆమె ఆ కాసేపట్లో కోసి నా గోతంలో పోసింది. లారీ హారన్ కొట్టాక లేచి వెళ్ళింది.

గట్టు మీద నుంచి ఎవరో, "ఏ ఊరోళ్ళంట మరియమ్మా?" అని అరిచారు.

"రెడ్డిగూడెం కాడ పల్లెలోళ్ళంట. నోరులేనోళ్ళు. ఇంక ఒదిలెయ్యండి వాళ్ళని."

మర్నాటి నుంచి లారీలోంచి ఎవరూ అరవలేదు. అరిచినప్పటి కంటే ఆ చప్పుడు లేకుండా పోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది. అమ్మ ఆ తర్వాత బతికున్నంత కాలం మరియమ్మ ఎదట పడలేదు. ఆమె పెరటి గుమ్మంలోకి వస్తే, అమ్మకు లోపల ఏదో ఒక పని గుర్తుకొచ్చేది. నేనూ అంతే. నా పెళ్ళిలో మరియమ్మ వచ్చి అక్షింతలు వేయడానికి దూరంగా నిలబడితే, తల వంచుకున్నాను గానీ నవ్వలేదు.

వేసవి సెలవులు వచ్చాయి. నందిగామ నుంచి నేను తిరిగి రావాలి కదా. నాన్న ఒకనాడు వేకువన నన్ను పొలాలకు అడ్డంపడి తీసుకెళ్ళి, ముందు స్టేజీలో బస్సెక్కించి, తగరపు పెట్టెతో సహా మా ఊరి దగ్గర దించాడు. పెట్టెలో ఏమీ లేదు, బరువుకు నాయనమ్మ పాత దుప్పటి పెట్టింది. బస్సు దిగిన చోట సోడాబండి ఆయన, "నందిగామ ఎట్టా ఉందమ్మా?" అని అడిగాడు. "బాగుందండి" అన్నాను. వీధి పొడుగునా అందరూ అడిగారు, అందరికీ బాగుందని చెప్పాను. నాన్న నా వెనక పెట్టె మోసుకుంటూ, నెత్తి మీద తలపాగా సర్దుకుంటూ నడిచాడు.

జూన్ వచ్చాక బడికి వెళతానన్నాను. "హైస్కూల్లో చదువుతున్న పిల్ల మళ్ళీ ఊళ్ళో ఆరో తరగతిలో కూర్చుంటే ఏమనుకుంటారే? ఫెయిలయిందనుకుంటారు. లేకపోతే అసలు సంగతి తెలిసిపోతుంది. ఈ ఏడు కానీ, జనం మర్చిపోతారు" అన్నాడు నాన్న. నిజంగా నందిగామ పంపడానికి డబ్బు లేదు. సగం కాయ తాలైపోయింది. ఆ ఏడు గడిచేసరికి నేను పొడుగయ్యాను. తర్వాత ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇల్లరికం సంబంధం వచ్చినప్పుడు మాత్రం, నందిగామలో ఎనిమిది చదివిందని చెప్పారు. మా ఆయనకు కడదాకా అదే తెలుసు.

కట్టుబాటు ఏమైందంటే, మరుసటి కోతల్లో ఒక చిన్న రైతు అందరి ఎదురుగానే ఐదిచ్చాడు, గుడికి జరిమానా కట్టి మరీ ఇచ్చాడు. వారంలో ఊరంతా ఐదయింది. నాన్న అందరికంటే ఆఖరున ఇచ్చాడు. ఫ్యాక్టరీ కట్టడం అయిపోయాక లోపల మిషన్ల పనికి వేరే ఊళ్ళ వాళ్ళను తెచ్చుకున్నారు, మా వాళ్ళలో చాలామంది వెనక్కి వచ్చారు. నాన్న చెప్పినట్టే వచ్చారు. కూలి మాత్రం మూడుకు దిగలేదు. అదీ ఆయన చెప్పినట్టే జరిగింది. దాని వల్ల ఎవరి కొంపా మునగలేదు. మునిగింది నా ఆరో తరగతి ఒక్కటే. సువార్త ఏడు అయ్యాక నిజంగానే నందిగామ హైస్కూలుకు వెళ్ళింది, రోజూ బస్సులో. నేను పెరట్లో పాల తపేలాలు తోముతూ ఆ బస్సు హారన్ వినేదాన్ని.

ఇప్పుడు మరియమ్మ వాడలో కాయ కోసే మనిషి లేదు. ఆడపిల్లలు నందిగామ బట్టల కొట్లలో నిలబడతారు, కుర్రాళ్ళు గరికపాడు దగ్గర దాబాల్లోనో లారీల మీదో ఉంటారు. మా చేలో కోతకు ఒడిశా నుంచి మనుషులు వస్తారు. రేకుల షెడ్డులో వండుకుంటారు, కిలోకి ఇంత అని మేస్త్రీతో మాట్లాడుకోవాలి. ఆ మాటలాడే పని నాదే, మా అబ్బాయికి బేరం చేతకాదు. ఈ ఏడు కూడా మేస్త్రీని గుమ్మంలో నిలబెట్టి, "పోయినేటి రేటే. దాని మీద పైసా పెరగదు" అని గట్టిగా చెప్పాను. అతని వెనక మూతికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. మా భాష రాదు. నా గొంతు మాత్రం అర్థమై ఉంటుంది. నేను మాట్లాడింది మా నాన్న మాటే, ఆయన గొంతుతోనే. ఆ పూట అన్నం సహించలేదు గానీ రేటు మార్చలేదు. సిగ్గుపడటం వేరు, మారడం వేరు. నాకు మొదటిదే వచ్చు.

ఇవన్నీ సువార్త టీ తాగే కాసేపట్లో నా బుర్రలో తిరిగాయి. మనవరాలు ఫోను మోగితే లోపలికి వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం. నేను తొడిమలు తీయడం ఆపాను. "సువార్తా, మీ అమ్మ ఒకసారి మా చేలోకి వచ్చింది. లారీ ఆగిపోయిన రోజు. మమ్మల్ని గుర్తుపట్టి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆమె ఉన్నప్పుడు ఒక్క మాటైనా అనలేకపోయాను."

సువార్త నన్ను వింతగా చూసింది. "ఎవరికి చెప్పాలండీ? అందరికీ తెలుసు కదా."

"అందరికీ అంటే?"

"లారీ అందరికీ. మొదటిరోజే తెలుసు. మీ నాయనమ్మగారి నడక ఊళ్ళో ఎవరికి తెలియదు? మూతికి గుడ్డ కడితే మనిషి మారిపోతుందా?"

"మరి ఆ అరుపులు... రెడ్డిగూడెం వాళ్ళనుకుని కాదా?"

"మీకు వినపడాలనే అరిచారు. ఎదురుగా అనలేరు కదా మిమ్మల్ని. అమ్మ కూడా అరిచేదంట. ఆ రోజు దగ్గరికొచ్చి మిమ్మల్ని చూశాకే మానిపించింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. 'ఆ పిల్ల చేతులు చూడలేకపోయానే' అంది. నాకు గుర్తు."

ఇన్నేళ్ళూ ఆ గుడ్డ వెనక మేం దాక్కున్నామనుకున్నాను. చూడకపోయింది మేమే. "బళ్ళో కూడా తెలుసా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులాగా వినపడింది.

సువార్త నవ్వింది. నొప్పించాలని కాదు, చిన్ననాటి సంగతి గుర్తొచ్చిన నవ్వు. "బళ్ళోనా? మాస్టారు మీ పేరు కొట్టెయ్యలేదండీ. హాజరేసేటప్పుడు రోజూ పిలిచేవారు. మీ పేరు రాగానే వెనక మగపిల్లలు 'నందిగామ!' అని అరిచేవాళ్ళు. క్లాసంతా నవ్వేవాళ్ళం. నేనూ నవ్వానండీ, మీ చోట్లో కూర్చుని."

"జూన్‌లో?"

"జూన్‌లోనూ పిలిచారు. పేరు తీసెయ్యమంటారా సార్ అని లీడరు అడిగితే, ఉండనీరా, వస్తుందేమో అన్నారు. దసరా దాకా పిలిచినట్టు గుర్తు."

శనివారం తప్పకుండా రమ్మని మళ్ళీ చెప్పి ఆమె ఆటో ఎక్కింది. వస్తానన్నాను. ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూసి, అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. కోడలు వచ్చి లైటు వేస్తే, ఆపమనడం కూడా తోచలేదు. ఆ జూన్‌లో నేను పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోయి ఉంటే, వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒక పూట నవ్వేవాళ్ళు. తర్వాత సువార్త కాస్త జరిగి నాకు చోటిచ్చేది.